పొర విప్పే ముందు

చిరంజీవి పాపకు ఎర్రగుంట్ల నుంచి పెదనాన్న దీవించి రాసేది.

నియోబియం డైసెలెనైడ్ అనే సూపర్‌కండక్టర్ రేకులు రెండింటి నడుమ క్రోమియం జెర్మేనియం టెల్యూరైడ్ అనే అయస్కాంతపు రేకు పెట్టి జోసెఫ్‌సన్ జంక్షన్ చేయబోతున్నానని రాశావు. చదివి కడుపు నిండింది. నడుమ పల్చటి పొర అడ్డున్నా రెండు సూపర్‌కండక్టర్ల మధ్య నిరోధం లేని కరెంట్ (సూపర్‌కరెంట్) పారుతుందని 1962లో జోసెఫ్‌సన్ లెక్క కట్టి చెప్పేనాటికి ఆయనకు 22 ఏళ్లే.

మీ జేజినాయన నాపరాయి గనిలో బండ తీసేది నువ్వు చూడలేదు. పొర ఎక్కడుందో వేలితో తడిమి, అక్కడే ఉలి ఆనించి, మెల్లగా తట్టేవాడు. తొందరపడితే బండ అడ్డంగా పగులుతుంది. టేపుతో స్ఫటికం పొరలు విప్పే నీ పనీ అంతే. లాగొద్దు, వంచుతూ నిదానంగా విప్పు.

విప్పాక మాత్రం నిదానం పనికిరాదు. ఒకసారి నేను మంచి రేకు దొరికిందని మురిసిపోయి, గ్లవ్‌బాక్స్ (గాలి చొరని ఆర్గాన్ పెట్టె) బయట మైక్రోస్కోపు కింద గంటసేపు పెట్టుకున్నా. కంటికి ఏ మార్పూ కనిపించలేదు. జంక్షన్ కట్టి చల్లబరిస్తే సూపర్‌కరెంట్ రానే లేదు. పైపొర గాలికి ఆక్సైడ్ అయిపోయింది. ఆర్నెల్ల పని పోయింది తల్లీ. ఆర్గాన్‌లోనే విప్పు, అక్కడే పేర్చు, పైన బోరాన్ నైట్రైడ్ కప్పినాకే బయటికి తీయి.

నడిమి రేకు మందం ముందే కొలుచుకో. సూపర్‌కరెంట్‌ను మోసే ఎలక్ట్రాన్ జంటలో రెండింటి స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటాయి, అయస్కాంతమేమో రెండింటినీ ఒకే వైపు తిప్పాలని చూస్తుంది. అందుకే పొరలు పెరిగేకొద్దీ కరెంట్ తగ్గడమే కాదు, ఒకచోట ఫేజ్ తిరగబడి, కరెంట్ గుర్తు మారిపోయే π (పై) జంక్షన్ కూడా కావచ్చు. మందం తెలియకపోతే ఏం చూశావో నీకే తెలియదు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నా. 2022లో నియోబియం బ్రోమైడ్ జంక్షన్ ఒకటి బయటి అయస్కాంత క్షేత్రం (ఫీల్డ్) లేకుండానే డయోడ్‌లా, అంటే ఒక వైపే సూపర్‌కరెంట్‌ను పోనిచ్చేలా పనిచేసిందని వచ్చింది కదా. నీ దాంట్లోనూ అటు ఒక కరెంట్, ఇటు ఒక కరెంట్ కనిపిస్తే వెంటనే మీ సార్ దగ్గరికి పరిగెత్తొద్దు. ముందు వేడెక్కించు. 7 కెల్విన్ దాటితే సూపర్‌కండక్టర్‌లో చిక్కుకున్న అయస్కాంత ఫ్లక్స్ పోతుంది గానీ నడిమి అయస్కాంతం పాత గుర్తు పోదు. 70 దాటించి, ఫీల్డ్ సున్నా చేసి మళ్లీ చల్లబరుచు. ఆ తర్వాత ఫీల్డ్‌ను ఒకసారి ప్లస్ నుంచి, ఒకసారి మైనస్ నుంచి సున్నాకు తెచ్చి చూడు. అటూ ఇటూ కరెంట్ల తేడా కూడా దాంతోపాటే తిరగబడిందంటే అది అయస్కాంతం మాట.

ఏ రోజు ఏ వైపు నుంచి తెచ్చావో నోట్‌బుక్‌లో రాసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు గ్రాఫులూ పట్టుకురా, కూర్చుని చూద్దాం.