రిపోర్టులన్నీ నార్మల్, నొప్పులు మాత్రం తగ్గవు: ఏ డాక్టరుకి చూపించాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. మాది ప్రకాశం జిల్లా దర్శి దగ్గర ఒక పల్లె. పెళ్ళయి ఈ ఊరొచ్చి 18 ఏళ్ళయింది. రెండేళ్ళుగా ఒళ్ళంతా నొప్పులు. మొదట నడుము, తర్వాత మెడ, ఇప్పుడు మోకాళ్ళు, మడమలు. పొద్దున లేచేసరికి ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది. జడ వేసుకోవాలన్నా చేతులు పైకి లేవవు. కాళ్ళకి తిమ్మిర్లు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సూది వేస్తే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, మళ్ళీ మామూలే. ఒంగోలులో ఎముకల డాక్టరుకి, నరాల డాక్టరుకి, గుంటూరులో ఇంకొకరికి చూపించాం. ఎమ్మారైలో డిస్కు కొంచెం ఉబ్బిందన్నారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, థైరాయిడ్ అన్నీ నార్మల్. చివరికి ఒక డాక్టరు "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని నిద్రమాత్రలు రాశారు. ఇంట్లోవాళ్ళు కూడా నటిస్తున్నాననే అనుకుంటున్నారు. నాకున్నదేమిటి? ఏ స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాలి? మా అత్తగారికీ ఇలాగే మొదలై ఇప్పుడు నడుము వంగిపోయింది. ఇంకో మాట, మా పిల్లల పళ్ళ మీద గార ఏ పేస్టు వాడినా పోవడం లేదు. దానికీ ఏదైనా చెప్పండి.

- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చినవి చివర్లో రాసిన రెండు సంగతులు. అత్తగారి నడుము, పిల్లల పళ్ళు. ఎమ్మారై గురించి వివరంగా రాసి, వీటిని పోతూ పోతూ తగిలించారు. ఇంతమంది డాక్టర్లలో ఒక్కరికైనా ఇవి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి పిల్లల పళ్ళ ఊసు ఎవరెత్తుతారు? ఆయనా అడిగి ఉండరు. బయట బెంచీల మీద వందమంది ఎదురుచూస్తుంటే, లోపల కూర్చున్న డాక్టరు మీ నడుము చూస్తారు గానీ మీ ఇంటి సంగతులు అడిగే తీరిక ఆయనకుండదు. చెప్పుకోవాల్సింది మీరే.

ఉత్తరం చూసి జబ్బు పేరు తేల్చడం కుదరదు, తేల్చకూడదు కూడా. ఎటువైపు వెతకాలో మాత్రం చెప్పగలను.

మేనరికం అయితే తప్ప అత్తగారికీ మీకూ రక్తసంబంధం ఉండదు. వంశంలో వచ్చే కీళ్ళజబ్బు ఆవిడ నుంచి మీకు రాదు. మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ వంటిల్లు, ఆ నీళ్ళు. పుట్టింట్లో మీ అక్కచెల్లెళ్ళకి, అమ్మకి ఇలాంటి బాధలున్నాయా? ఈ ఊళ్ళో ఇరుగుపొరుగున నడుము పట్టేసినవాళ్ళు, మెడ తిప్పలేక ఒళ్ళంతా తిరిగి చూసేవాళ్ళు ఎంతమంది? ఒక్కసారి ఆలోచించి చూడండి.

నీళ్ళ వల్ల వచ్చే ఇలాంటి బాధ మన పడమటి మండలాలకి కొత్త కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుని (ఫ్లోరోసిస్ అంటాం) మన దేశంలో మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికకెక్కించింది ఆ పాత నెల్లూరు జిల్లాలోనే. డాక్టర్ల కంటే ముందు రైతులు పసిగట్టారంటారు. ఎద్దులకి కీళ్ళు పట్టేసి, అడుగు వెయ్యలేకపోవడం చూసి. తొంభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ 'వాతం నొప్పులు' అంటూ ఓపీకి వచ్చేవాళ్ళలో ఈ జబ్బువాళ్ళు తగులుతూనే ఉన్నారు.

ఫ్లోరైడ్ భూమిలోని రాతిపొరల్లోంచి నీళ్ళలో కరుగుతుంది. రంగు మారదు, వాసన రాదు. లీటరు నీళ్ళలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి వాడితే అది ఎముకల్లోనూ, కండరాలు ఎముకకి అతుక్కునే చోట్లా పేరుకుంటుంది. మొదట్లో నొప్పి, బిగుసుకుపోవడం తప్ప పైకి ఏమీ కనబడదు. ఎక్స్‌రేలో కూడా తొలిరోజుల్లో దొరక్కపోవచ్చు. చుట్టుపక్కలవాళ్ళకి నటనలా అనిపించేది ఈ దశలోనే.

పిల్లల పళ్ళు వెలుతురులో ఒకసారి చూడండి. మామూలు గార చిగుళ్ళ దగ్గర పేరుకుంటుంది, పళ్ళ డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. అలా కాకుండా పంటికి అడ్డంగా సుద్దలాంటి తెల్లచారలో, పసుపు, గోధుమరంగు చారలో ఉండి, కుడిపక్క ఏ పంటికుందో ఎడమపక్క అదే పంటికి కూడా ఉంటే, అది చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడ్డ మచ్చ. ఏ పేస్టుకీ పోదు. సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే దానికి కారణం. మీరు పెళ్ళయ్యాక ఆ ఊరొచ్చారు కాబట్టి మీ పళ్ళు తెల్లగానే ఉండొచ్చు. మీ పళ్ళు చూసి ఫ్లోరోసిస్ కాదని ఎవరైనా అంటే, పుట్టి పెరిగింది వేరే ఊళ్ళో అని చెప్పండి.

అంతమాత్రాన ఇదేనని తీర్మానం చేసుకోకండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా కీళ్ళవాతం ఉన్నవాళ్ళు ఉంటారు. తిమ్మిర్లకి షుగరు, బీ12 లోపం కారణం కావచ్చు. డి విటమిన్ తక్కువైనా ఒళ్ళంతా సలుపుతుంది. నార్మల్ రిపోర్టు అంటే ఆ పరీక్ష వెతికిన జబ్బు దొరకలేదని, అంతవరకే. మీరు రాసిన పరీక్షల్లో ఫ్లోరైడ్ కోసం వెతికింది ఒక్కటీ లేదు. డిస్కు ఉబ్బు సంగతి పక్కన పెట్టండి, నలభై దాటాక ఏ నొప్పీ లేనివాళ్ళకి ఎమ్మారై తీసినా చాలామందిలో కనబడుతుంది.

ఏ స్పెషలిస్టు అని అడిగారు. ముందు జనరల్ మెడిసిన్ డాక్టరు. ఒంగోలు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) అయినా సరే, మీకు నమ్మకమున్న ప్రైవేటు ఫిజీషియన్ అయినా సరే. ఎముకలాయన ఎముకలే చూశారు, నరాలాయన నరాలే చూశారు. మొత్తం కథ వినాల్సినవారు ఒకరుండాలి. ఒకసారి ఎంచుకున్నాక రెండు మూడుసార్లయినా ఆయన దగ్గరికే వెళ్ళండి. డాక్టరు మారినప్పుడల్లా చేసిన పరీక్షలే మళ్ళీ రాస్తారు, మీ డబ్బు సగం అక్కడే పోతోంది.

వెళ్ళేముందు రోజు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒకవైపుకి మించొద్దు. పైన వయసు, ఊరు, ఆ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, తాగే నీళ్ళెక్కడివి, వంటనీళ్ళెక్కడివి. దాని కింద ఏ బాధ ఎప్పుడు మొదలైందో వరసగా. తేదీలు గుర్తుండవు గానీ సంక్రాంతి ముందా తర్వాతా, మిరపకోతలప్పుడా, అమ్మాయి పది పరీక్షలప్పుడా అని వెనక్కి వెళితే అవే దొరుకుతాయి. అత్తగారి సంగతి, పిల్లల పళ్ళ సంగతి చివర్లో వద్దు, మొదటి నాలుగు లైన్లలో రాయండి.

నొప్పిని పనుల్లో చెప్పండి. 'ఒళ్ళంతా నొప్పులండీ' అని రోజుకి యాభైమంది అంటారు, 'నరాల వీక్‌నెస్' అని ఇంకో యాభైమంది. అవి విని మాకు తెలిసేది తక్కువ. జడకి చేతులు పైకి లేవడం లేదని మీరు నాకు రాసిన ఒక్క ముక్క ఆ డాక్టరు ముందు కూడా అనండి. నేల మీద కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాలా, బిందె చంకనెత్తుకుని ఎంతదూరం నడవగలరు, పొద్దున బిగుసుకున్న ఒళ్ళు పొయ్యి వెలిగించేసరికి సడలుతుందా, మధ్యాహ్నందాకా పడుతుందా? ఇవి చెబితే జబ్బు సగం దొరికినట్టే. ఇంట్లో మూడు పనులు చేసి చూడండి. గడ్డం ఛాతీకి ఆనుతుందా? మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుతాయా? రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టగలరా? ఫ్లోరోసిస్ అనుమానం ఉన్నప్పుడు మేమూ ముందు ఇవే చేయిస్తాం.

మందుల సంచీ మొత్తం పట్టుకెళ్ళండి. ఖాళీ స్ట్రిప్పులు, పసరుమందులు, పొట్లం కట్టి ఇచ్చిన పేరులేని బిళ్ళలు కూడా. ఆర్‌ఎంపీ సూదుల సంగతి డాక్టరు తిడతారేమోనని చాలామంది దాస్తారు. తిడితే తిట్టనివ్వండి, చెప్పండి. నాలుగు రోజులు హాయిగా ఉంచే ఆ సూదిలో సాధారణంగా ఉండేది డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమందు, లేదా డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్, కొన్నిసార్లు రెండూ. అందులో ఏముందో ఆయన్నే అడిగి కాగితం మీద రాయించుకోండి. నొప్పిమందులు ఎక్కువకాలం వాడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోయేది ఆ కిడ్నీల ద్వారానే. అవి నెమ్మదిస్తే అది ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. అందుకే కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష మీకు తప్పనిసరి అంటాను. స్టెరాయిడ్ బిళ్ళలు రోజూ వేసుకుంటున్నట్టయితే మాత్రం ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మీవారిని వెంట తీసుకెళ్ళండి, బాధ మాత్రం మీరే చెప్పండి. మా ఓపీల్లో రోజూ చూస్తుంటాం: "ఏమ్మా, ఎక్కడ నొప్పి?" అంటే భర్త అందుకుని "దానికి గ్యాసండీ, తిండి సరిగా తినదు" అంటాడు. ఆవిడ తల ఊపి ఊరుకుంటుంది. నొప్పి ఆవిడది, జవాబు ఆయనది, మందు గ్యాసుకి.

కాగితం చేతికిచ్చి, "సార్, మా అత్తగారికీ ఇలాగే ఉంది, పిల్లల పళ్ళ మీద మచ్చలున్నాయి, మాది బోరునీళ్ళు. ఫ్లోరైడ్ ఏమైనా అయ్యుంటుందా?" అని అడగండి. ఫలానా పరీక్ష రాయండని గట్టిగా పట్టుబడితే కొందరు డాక్టర్లకి కష్టంగా ఉంటుంది (ఉండకూడదు, కానీ ఉంటుంది). అనుమానం చెప్పి అడిగితే ఎవరూ కాదనరు. ముంజేయి, నడుము, కటి ఎక్స్‌రేలు, మూత్రంలో ఫ్లోరైడ్, దాంతోపాటు షుగరు, బీ12, డి విటమిన్ చూస్తే చాలావరకు తేలుతుంది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడటం ఈ జబ్బుకి మంచి గుర్తు. పాత ఫిల్ములు ఉంటే రిపోర్టులతో సరిపెట్టకుండా వాటినీ చూపించండి. ఫ్లోరైడ్ అనుమానంతో చూస్తే అదే ఎక్స్‌రేలో కొత్తవి కనబడొచ్చు. లేచేముందు ఇంకో రెండు అడగండి: ఈ పరీక్షల్లో ఏమీ తేలకపోతే తర్వాత ఏం చేద్దాం, ఈ మందుకి ఎన్నాళ్ళలో తగ్గకపోతే మళ్ళీ రావాలి.

టెన్షన్ అన్న డాక్టరు మీద కోపం పెట్టుకోకండి, ఆ మాటతో సరిపెట్టుకోనూ వద్దు. దిగులు వల్ల ఒళ్ళునొప్పులు వస్తాయి, అవీ నిజమైన నొప్పులే. రెండేళ్ళు నొప్పితో బతికితే దిగులు రావడమూ సహజమే. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, దేనిమీదా మనసు లేకపోవడం ఉంటే అవీ చెప్పండి. కానీ మిగతావి వెతికి చూశాకే ఆ పేరు పెట్టాలి.

నీళ్ళ పరీక్షకి డాక్టరు చీటీ అక్కర్లేదు. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడిగితే గ్రామీణ నీటిసరఫరా శాఖ ల్యాబుకి ఎలా పంపాలో చెబుతారు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో మీ బోరునీళ్ళు పట్టి, ఫ్లోరైడ్ ఎంతుందో చూడమని అడగండి. ఈలోపు ఒక సంగతి గమనించుకోండి. మన పల్లెల్లో తాగడానికి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకుంటారు, అన్నం, పప్పు, టీ మాత్రం బోరునీళ్ళతోనే. బియ్యంలో ఇంకిన నీళ్ళు కడుపులోకే కదా. వంటకి కూడా ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళే వాడాలి. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుతోనూ పోదు. ఆర్‌ఓ తీసేస్తుంది, దాని పొరని వేళకి మారుస్తుంటే. స్నానానికి, బట్టలకి బోరునీళ్ళు వాడుకోవచ్చు. నల్లఉప్పు, వక్కపొడి, కడుపునిండా టీలు తగ్గించండి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ఉసిరి, జామ పెంచండి.

ఫ్లోరోసిస్సే అని తేలితే, ఎముకలో చేరినదాన్ని కడిగేసే మందు లేదు. నీళ్ళు మార్చి, తిండి సరిచేసుకుంటే తొలిదశలో నొప్పులు నెలల మీద తగ్గే అవకాశం ఉంది. అత్తగారికి వంగిన నడుము తిరిగి నిలబడదు, కానీ ఆవిడనీ చూపించాలి, ఎందుకంటే గట్టిపడ్డ వెన్నుపూసలు లోపలి వెన్నుపామును నొక్కొచ్చు. మీకైనా ఆవిడకైనా కాళ్ళలో పట్టు తప్పినా, చెప్పు జారిపోయినా తెలియకపోయినా, మూత్రం, విరేచనం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే కూడా ఆలస్యం వద్దు. అవి ఫ్లోరైడ్ లక్షణాలు కావు, వెన్నులో క్షయలాంటివి చూడాల్సి ఉంటుంది.