మనసులో మాట: ఎదురుచూసిన మనిషి వస్తే ముఖం చాటేస్తున్నాను

ప్రశ్న: నా వయసు 30 ఏళ్లు. మాది రాయచోటి దగ్గర పల్లె. నాకు మూడేళ్లప్పుడు అమ్మ ఇంటిపని కోసం కువైట్‌కు వెళ్లింది, నేను అవ్వ దగ్గర పెరిగాను. సెలవు మీద అమ్మ రెండుసార్లు వచ్చినప్పుడు అవ్వ కొంగు వెనక దాక్కుని, బొమ్మలు చూపించినా దగ్గరికి పోలేదట. నా తొమ్మిదో ఏట అమ్మ వచ్చేసి నన్ను కడపకు తీసుకుపోయి బడిలో చేర్చింది. ఇప్పుడు పెళ్లై నాలుగేళ్లు. మా ఆయన సైటు ఇంజనీరు, పది పన్నెండు రోజులకోసారి ఇంటికి వస్తారు. అన్నాళ్లూ ఆయన కోసమే చూస్తుంటాను. తీరా బ్యాగుతో గుమ్మంలోకి వచ్చేసరికి ముఖం చూడలేక, తుడిచిన గ్యాస్ స్టవ్వునే మళ్లీ తుడుస్తూ ఉండిపోతాను. మాట కలవడానికి ఒక రోజు పడుతుంది. నాకు ప్రేమ లేదని ఆయన అంటున్నారు. దీనికి నా చిన్నతనమే కారణమా? ఈ వయసులో థెరపీతో మారతానా? అమ్మను తప్పుపట్టడం మాత్రం నాకిష్టం లేదు. - ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో స్టవ్వు తుడిచే వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. బాల్యంలోని అనుబంధాలను పరిశోధించినవారు అన్నిటికన్నా శ్రద్ధగా చూసింది ఆ క్షణాన్నే, అంటే దూరమైన మనిషి తిరిగి గుమ్మంలోకి వచ్చే క్షణాన్నే.

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త 1950లలో ఉగాండా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి తల్లులనూ పసిపిల్లలనూ గమనించి, ఆ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్షను రూపొందించారు. ఏడాది నిండిన బిడ్డను తల్లితో పాటు ఒక కొత్త గదిలో ఉంచుతారు. తల్లి రెండుసార్లు కొద్ది నిమిషాల పాటు బయటకు వెళ్లి తిరిగి వస్తుంది. చాలామంది పిల్లలు తల్లి రాగానే ఏడుస్తూ వెళ్లి చంకనెక్కి, కాసేపటికి తేరుకుని మళ్లీ ఆటలో పడతారు. కొందరు ఒకవైపు పట్టుకుని వేలాడుతూనే మరోవైపు తల్లిని కొడతారు, ఎంత లాలించినా ఊరుకోరు. ఇంకొందరు తల్లి వచ్చిన సంగతే తెలియనట్టు బొమ్మ మీదికి వంగి ఆడుకుంటూ ఉంటారు. ఈ చివరి పిల్లలను చూస్తే ఎంత నెమ్మదస్తులో అనిపిస్తుంది. కానీ 1977లో స్రూఫ్, వాటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు గుండె వేగాన్ని కొలిచిన లెక్కలు ముందుపెట్టినప్పుడు, పైకి అంత నిబ్బరంగా ఉన్న పిల్లల గుండె కూడా వేగంగానే కొట్టుకుంటోందని తేలింది. మీ చేతిలోని స్టవ్వు గుడ్డ ఆ బొమ్మలాంటిదే. ప్రేమ లేని మనిషి పది రోజులు ఎదురుచూడదు, కాబట్టి ఈ పేరా మీ వారికి చదివి వినిపించండి.

అయితే దీన్ని పట్టుకుని మీకు మీరే ఒక ముద్ర వేసుకోవద్దు. మీరు అప్పటికి మూడేళ్ల పిల్ల, ఆ పరీక్ష పసిబిడ్డలకు సంబంధించినది. పైగా పసితనంలో కనిపించిన తీరు పెద్దయ్యాక అలాగే మిగులుతుందన్న హామీ ఏదీ లేదు, దీర్ఘకాల అధ్యయనాల్లో దారి మారినవారు చాలామందే ఉన్నారు. చిన్నతనం ఒక కారణమే, మొత్తం కారణం కాదు.

ఇక మీరు అరవాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. అమ్మ వెళ్లడం గురించీ, సెలవుల్లో రావడం గురించీ వివరంగా రాశారు గానీ, తొమ్మిదో ఏట అవ్వను వదిలి కడపకు వెళ్లిన రోజు గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆరేళ్లపాటు ఆకలేసినా జ్వరమొచ్చినా మీరు వెతుక్కున్న ఒడి అవ్వది. బిడ్డ కన్నతల్లినే కాదు, రోజూ తన పిలుపుకు పలికే మనిషిని అల్లుకుంటుంది. బిడ్డల అనుబంధాల గురించిన ఈ సిద్ధాంతానికి (అటాచ్‌మెంట్ థియరీ) ఆద్యుడైన బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీకి కూడా చిన్నప్పుడు తనను పెంచిన ఆయా దూరమైనప్పుడు నాలుగేళ్లే. మీ విషయంలో అందరూ ఇంటికి మంచి రోజు అనుకున్న ఆ రోజే మీకు పెద్ద ఎడబాటు అయివుండవచ్చు, ఆనాడు మీరు ఏడవడానికి ఎవరూ చోటివ్వకపోయి ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే, తేల్చుకోవలసినది మీరే.

మీ అమ్మగారి గురించిన సంకోచానికీ ఇక్కడే జవాబుంది. 1980లలో మేరీ మెయిన్, ఆమె సహచరులు పెద్దవాళ్ల చేత బాల్యం చెప్పించి, ఏం జరిగిందన్న దానికంటే దాన్ని ఎలా చెబుతున్నారన్న దాన్నే ఎక్కువగా పరిశీలించారు. కష్టమైన బాల్యం గడిపినా, దాన్ని దాచకుండా, అందులోనే మునిగిపోకుండా, పొంతనగా చెప్పగలిగినవారు కొందరున్నారు. వారు పొందిన స్థితిని, అంటే దగ్గరివారిని నమ్మి ఆనుకోగలగడాన్ని, సంపాదించుకున్న భద్రత అంటారు. పూట గడవక అమ్మ ఎడారి దేశానికి వెళ్లిందన్నదీ నిజమే, ఆమె లేక మీరు అల్లాడారన్నదీ నిజమే. రెండో మాట అనడానికి మొదటి మాటను కొట్టేయనక్కర్లేదు.

థెరపీతో మారతారా అంటే, మారే అవకాశం ఉంది. కానీ తెలుసుకున్నంత మాత్రాన మారరు. తమ లోపాన్ని పాఠంలా అప్పజెప్పి, ఇంటికి వెళ్లి అదే పని చేసేవారు తక్కువేం కాదు. మార్పు ఎక్కువగా థెరపీ గదిలో మీకూ థెరపిస్టుకూ మధ్య ఏర్పడే సంబంధంలోనే జరుగుతుంది. ఉదాహరణకు మీ థెరపిస్టు రెండు వారాలు సెలవు పెట్టి వచ్చారనుకోండి. మీరు నీళ్ల సీసా మూత తిప్పుతూ, బాగానే ఉన్నాను మేడం, ఈ వారం చెప్పడానికేమీ లేదు అంటారు. ఆమె ఆ మూత వైపు చూసి, నేను లేని రెండు వారాలూ ఎలా గడిచాయని మెల్లగా అడుగుతారు. మొదట మీకు విసుగొస్తుంది. నాలుగోసారో ఐదోసారో, మీరు వెళ్లినందుకు నాకు కోపం వచ్చింది అనేస్తారు. ఆమె నొచ్చుకోరు, మిమ్మల్ని వదిలేసీ పోరు, మరుసటి వారం అదే కుర్చీలో ఉంటారు. చిన్నప్పుడు దొరకని ఆ అనుభవం పదే పదే దొరికితేనే శరీరం నమ్ముతుంది. తీవ్రమైన సంబంధ సమస్యలున్న 90 మంది రోగులతో చేసిన ఒక పరిశోధన 2006లో వెలువడింది. థెరపిస్టుతో ఏర్పడే సంబంధాన్నే ఇలా పరిశీలించే చికిత్స పొందినవారిలో, ఏడాదికి భద్రమైన అనుబంధం కనిపించినవారి సంఖ్య పెరిగింది. వారానికి ఒక సిటింగ్ చొప్పున నెలలు పడుతుంది, ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు.

ఈలోగా మీ వారితో ఒక ఒప్పందం చేసుకోండి. వచ్చిన మొదటి గంట ఆయన మిమ్మల్ని ఏమీ అడగకుండా వంటింట్లోనే ఒక స్టూలు మీద కూర్చుని టీ తాగాలి. మీరు ఒక్క వాక్యం, వచ్చారు కదా, సంతోషంగానే ఉంది అన్నది, ముఖం చూడకుండానైనా సరే, చెప్పాలి. థెరపీ కోసం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు కోసం చూడండి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. క్రెష్‌లో దింపితే ఏడుస్తాడు, సాయంత్రం నన్ను చూడగానే ఇంకా గట్టిగా ఏడుస్తూ వచ్చి మెడ పట్టుకుంటాడు. పెద్దయ్యాక వాడి మనసు దెబ్బతింటుందా?

జవాబు: ఏడుస్తూ మీ దగ్గరికే వస్తున్నాడంటే, మీరు ఓదారుస్తారని వాడికి నమ్మకముందన్నమాట. పైన రాసిన పిల్లల్లో మొదటి రకాన్ని గుర్తుచేసుకోండి. క్రెష్‌లో రోజూ వాడిని ఎత్తుకునే ఆయా తరచూ మారిపోకుండా ఉందా లేదా అన్నది మాత్రం కనుక్కోండి. ఏడుస్తాడని వాడి కళ్లుగప్పి వెనక గుమ్మం నుంచి జారుకోవద్దు. సాయంత్రం వస్తానని చెప్పి, వాడు చూస్తుండగానే వెళ్లండి.