జర్మన్ బండా, జపాన్ బండా? అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

బీఎండబ్ల్యూ ఎక్స్3 డీజిల్ కొనాలా, లెక్సస్ ఎన్‌ఎక్స్ కొనాలా అని అడిగినావు. ఏది గొప్ప బండి అనేది పక్కన పెట్టు. నువ్వు రోజూ తిరిగేది బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా. ఆ రింగు రోడ్డు మీద బండి కదిలే సేపు కంటే ఆగే సేపే ఎక్కువ.

అట్లాంటి చోట పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్న లెక్సస్ హైబ్రిడ్డే సుఖం. ఆగితే ఇంజిన్ ఆగిపోతుంది, మెల్లగా జరిగేటప్పుడు చాలామటుకు మోటారే లాగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీకి కొంత చార్జింగు ఎక్కుతుంది. మామూలు బండ్లలో ఉండే స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ దానికి విడిగా ఉండవు. చెడిపోయే సామానే తక్కువన్నమాట.

డీజిల్ సంగతి వేరు. పొగగొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. ఎప్పుడూ ట్రాఫిక్‌లో పాకుతుంటే అది మూసుకుపోతుంది. నువ్వు వారం వారం అనంతపురం పోయొచ్చేవాడివైతే ఎక్స్3 తీసుకోమనే చెప్పేవాణ్ణి. దేవనహళ్లి దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాకా నడిపితే తెలుస్తుంది దాని పట్టు. లెక్సస్‌ను గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు ముందు, ఊపు వెనక. నడపడమంటే మోజున్నవాడికి అది నిజమైన వెలితే.

ఎన్నేళ్లు ఉంచుకుంటావో అది కూడా తేల్చుకో. నాలుగైదేళ్లకు మార్చేటట్టయితే జర్మన్ బండితో చింత లేదు, వారంటీ పొడిగించుకుంటే అందులోనే గడిచిపోతుంది. పదేళ్లంటే లెక్ససే. 2024 జూన్ నుంచి వాళ్లు కొత్త బండ్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. అయితే ఎక్స్3ని చెన్నై దగ్గరే బిగిస్తారు, ఎన్‌ఎక్స్ బయటి దేశం నుంచి పూర్తిగా తయారై దిగుతుంది. బంపరో హెడ్‌లైటో పగిలితే ఎన్నాళ్లకు తెప్పిస్తారో ముందే అడుగు. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో కూడా చూడు.

కర్ణాటకలో ఈ ధర పెట్రోలు, డీజిల్ బండ్లకు జీవితకాల పన్ను 18 శాతం, పైన సెస్సు. పుదుచ్చేరిలో రిజిస్టర్ చేయిద్దామని ఎవరో ఒకరు చెబుతారు, వినొద్దు. ఇక్కడే ఉంటూ అట్లా తిప్పేవాళ్ల బండ్లను ఆర్టీఓ వాళ్లు పట్టుకుంటున్నారు.

ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పకుండా పెట్టించు. 2022 సెప్టెంబరు వానలకు యెమలూరు విల్లాల ముందు ఎంతెంత ఖరీదైన కార్లు మునిగినాయో చూసినాం. నీళ్లలో ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

టెస్ట్ డ్రైవ్‌కు మా అక్కను, అదే మీ అమ్మను తీసుకుపో. వెనక సీట్లో కూర్చోబెట్టి సర్జాపుర గతుకుల మీద తిప్పు. మోకాళ్ల నొప్పితో ఎక్కి దిగాల్సింది తనే. శనివారం పెట్టుకుంటే నేనూ వస్తా.

మీ మామ