సరిహద్దు దాటిన గంజాయి కేసులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇచ్ఛాపురం దగ్గర జాతీయ రహదారి, పాతపట్నం–పర్లాకిమిడి రోడ్డు, సాలూరు నుంచి కొరాపుట్‌కు ఎక్కే ఘాట్, రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వచ్చే రైలు లైను. ఒడిశా వైపు నుంచి గంజాయి దిగే దారులు ఇవే. ఈసారి ఉత్తరాలూ ఎక్కువగా ఈ దారుల పక్క ఊళ్ల నుంచే వచ్చాయి.

ప్రశ్న: మా గుంటడు వ్యాను క్లీనరు. మొన్న రాత్రి ఒరిస్సా పోలీసులు ఇంటికొచ్చి తీసుకుపోయారు. పర్లాకిమిడిలో గంజాయి కేసట. మన స్టేషనుకు చెప్పకుండా అలా తీసుకుపోవచ్చా? కేసు ఇటు మార్పించుకోగలమా?
— ఒక తల్లి, పాతపట్నం మండలం

జవాబు: అమ్మా, తీసుకుపోవచ్చు. గంజాయి కేసు దర్యాప్తు చేసే పోలీసులు నిందితుణ్ణి దేశంలో ఎక్కడైనా అరెస్టు చేయగలరు. అయితే దానికో పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు తాము ఎవరో చెప్పాలి. అరెస్టు మెమో మీద ఇంట్లోవాళ్ల చేతో, ఊళ్లో పెద్దమనిషి చేతో సాక్షి సంతకం పెట్టించాలి. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఇంటివాళ్లకు తెలియజేయాలి. స్థానిక స్టేషను జనరల్ డైరీలో రాయించి వెళ్లడం ఆనవాయితీ. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. కేసు ఉన్న కోర్టు దూరమైతే దగ్గర్లోని మేజిస్ట్రేటు దగ్గర ట్రాన్సిట్ రిమాండ్ (వెంట తీసుకెళ్లే అనుమతి) తీసుకుంటారు. పర్లాకిమిడి మీకు పక్కనే కాబట్టి నేరుగా అక్కడి కోర్టులోనే పెట్టి ఉంటారు, అది తప్పు కాదు. వాళ్లు ఎన్ని గంటలకు వచ్చారు, ఎందరు, ఏ బండి, ఏ కాగితం మీద సంతకం పెట్టించారు అన్నది ఈరోజే రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత గంటలు ఎవరికీ గుర్తుండవు.

వెంటనే తెలుసుకోవలసినవి నాలుగు: ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషను పేరు, సెక్షన్లు, పట్టుకున్న సరుకు తూకం. నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. గంజాయి కిలో లోపైతే చిన్న పరిమాణం, శిక్ష గరిష్ఠంగా ఏడాది. కిలో నుంచి 20 కిలోల వరకైతే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. వాణిజ్య పరిమాణం కేసులో మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షను అడ్డొస్తుంది. నేరం చేయలేదని నమ్మడానికి ఆధారాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ చేయడని కోర్టుకు అనిపిస్తేనే బెయిలు. అలాంటి కేసులో ఛార్జిషీటుకు గడువు 180 రోజులు. దాన్ని ఏడాది దాకా పొడిగించాలంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ కారణాలతో నివేదిక ఇవ్వాలి. మొదటి రిమాండ్ రోజును కూడా కలిపి లెక్కపెట్టండి. గడువులోగా ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కవుతుంది, కాబట్టి గడువు ముగిసిన మర్నాడే బెయిలు అర్జీ వెయ్యాలి. ఒక్కరోజు తాత్సారం చేసి, ఈలోగా ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది.

మీ అబ్బాయి దగ్గర ఏమీ దొరక్కుండా, ముందు పట్టుబడినవాడు పేరు చెప్పాడని మాత్రమే చేర్చారా? అయితే ఆ సంగతి మొదటిరోజే వకీలుకు చెప్పండి. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. తూఫాన్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు నార్కోటిక్స్ అధికారులకూ ఇదే వర్తింపజేసింది. కానీ ఫోన్ కాల్ వివరాలు, ఫోన్‌పేలో పడిన డబ్బు ఆ ఒప్పుకోలుకు తోడైతే మాట వేరు.

కేసు ఇటు మారడం దాదాపు జరగదు. నేరం జరిగిన చోటి కోర్టే విచారిస్తుంది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. ఆ ప్రయత్నానికి డబ్బు పోసే బదులు గజపతి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత వకీలును అడగండి. 15100కు ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. కాగితాలు ఒడియాలో ఉంటాయి కాబట్టి రెండు భాషలూ తెలిసినవాళ్లను వెంట ఉంచుకోండి. సాక్షి చెప్పేది ముద్దాయికి అర్థంకాని భాషలో ఉంటే కోర్టులోనే అతనికి తెలిసిన భాషలో చెప్పించాలి, అది అతని హక్కు. మరొక మాట. మన రాష్ట్రంలోనూ అతని మీద కేసుంటే మనవాళ్లు పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి మరో కోర్టుకు తెప్పించే ఉత్తర్వు) మీద ఇటు తీసుకొస్తారు. అప్పుడు ఒక కేసులో బెయిలు వచ్చినంత మాత్రాన జైలు గేటు తెరుచుకోదు. రెండింటిలోనూ బెయిలు కావాలి.

ప్రశ్న: కొరాపుట్ నుంచి అల్లం లోడుకు మా బొలేరో కిరాయికి వెళ్లింది. చెక్‌పోస్టు దగ్గర బస్తాల కింద గంజాయి దొరికిందని బండి పట్టుకున్నారు. ఈఎంఐ కట్టుకుంటున్న బండి. ఎండకీ వానకీ స్టేషను ముందు పడి ఉంది. వదిలిపించుకోవచ్చా?
— వాహన యజమాని, సాలూరు

జవాబు: అడగవచ్చు. 2025 జనవరిలో విశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు, మాదకద్రవ్యాల కేసులో పట్టుబడిన బండిని విచారణ ముగిసేదాకా తాత్కాలికంగా వదలడానికి చట్టం అడ్డు కాదని చెప్పింది. యజమానే సరుకుతో దొరికినా, అతని మనిషి అతని తరఫున పెట్టినా మామూలుగా వదలరు. బండిని దొంగిలించి వాడినా, యజమానికి తెలియకుండా మూడో మనిషి లోడులో దాచినా వదిలే అవకాశం ఎక్కువ. మీది ఈ చివరి రకమని చూపించాలి. మీకు తెలియదు అంటే చాలదు. తెలియకుండా ఉండేందుకు తగిన జాగ్రత్త తీసుకున్నామని కూడా 60వ సెక్షను నిరూపించమంటుంది.

అందుకే అర్జీతో ఆర్‌సీ, బీమా, పర్మిట్, ఫైనాన్సు కాగితాలు, లోడు బిల్లు, కిరాయి మాట్లాడుకున్న వాట్సాప్ సందేశాలు, కిరాయి డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, జీపీఎస్ ఉంటే ఆ రూటు పెట్టండి. లోడు ఎక్కించాక బండి మధ్యలో ఎక్కడ ఆగిందో జీపీఎస్ చెబుతుంది. తెలియకుండా ఎక్కించారనడానికి అంతకన్నా బలమైన ఆధారం అరుదు. బండికి అడుగున దొంగ అర చేయించి ఉంటే మాత్రం మీకు తెలియదంటే ఎవరూ నమ్మరు. అర్జీ పట్టుకున్న చోటి స్పెషల్ కోర్టులో వెయ్యాలి. చెక్‌పోస్టు ఒడిశా వైపుదైతే అక్కడి కోర్టు, మన వైపుదైతే మన కోర్టు. ముందు పంచనామాలో స్థలం ఏమని రాశారో చూసుకోండి, తప్పు కోర్టులో వేసి రెండు నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కోర్టు వదిలితే బండికి ఫొటోలు, వీడియో తీయించి, అమ్మబోమని పూచీకత్తు రాయిస్తుంది.

ప్రశ్న: వందల కిలోలు పట్టుకున్నామని ఫొటోలు వేస్తారు. నాలుగేళ్లకు కేసు కొట్టేశారని చిన్న వార్త వస్తుంది. ఎందుకిలా?
— లా విద్యార్థి, విజయనగరం

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అంత సరుకు పట్టుకోగలిగిన వ్యవస్థ కోర్టులో ఎందుకు తడబడుతుందంటే, గంజాయి కేసు సరుకు మీద కన్నా కాగితం మీద ఎక్కువ నిలబడుతుంది. చట్టం శిక్షను కఠినం చేసింది కాబట్టి పద్ధతినీ కఠినం చేసింది.

ముందు సమాచారం. ఇంట్లోనో, గోదాములోనో సరుకుందని తెలిస్తే అధికారి దాన్ని రాసుకుని 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి. అసలు పంపకపోతే కేసు పోయినట్టే. ఆలస్యమైనా సరైన కారణం చూపితే నిలబడుతుంది. కర్నైల్ సింగ్ కేసులో 2009లో తేలిన సంగతి ఇది. బస్టాండు లాంటి బహిరంగ స్థలంలో పట్టుకుంటే ఈ నియమం వర్తించదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

తర్వాత సోదా. మనిషి ఒంటి మీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో వెతికించుకునే హక్కు నీకుందని చెప్పాలి. ‘లేదా మా సీఐ గారి ముందైనా సరే’ అని మూడో దారి చూపించి చెడగొట్టుకున్న కేసులున్నాయి. ఇద్దర్ని పట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే నోటీసు ఇచ్చినా చెల్లదని 2014లో పరమానంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంచి, బండి వెతికేటప్పుడు మాత్రం ఈ నియమం లేదు.

అసలు చిక్కు తూకం దగ్గర, శాంపిల్ దగ్గర. చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కావు. కాడలూ ఆకులూ కలిపి 21 కిలోలని రాస్తే, కొనలు విడిగా ఎంతో చెప్పండని డిఫెన్సు అడుగుతుంది. అక్కడ 20 కిలోల గీత చెదిరిపోతుంది. సంచితో కలిపి తూచారా, సంచి పోనా? సరుకు తడిగా ఉందా, ఎండిందా? పచ్చి సరుకు మాల్‌ఖానాలో (పట్టుకున్న సరుకు దాచే గదిలో) ఎండి తగ్గిపోతుంది. పంచనామాలో తడి సంగతి రాయకపోతే, తగ్గిన కిలోలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న వస్తుంది. కాటా ఎవరిదో, ఎవరు తూచారో కూడా రాయాలి.

శాంపిల్ రోడ్డు మీద తీసే పాత అలవాటు ఇంకా పోలేదు. 2022 డిసెంబరు నిబంధనల ప్రకారం మేజిస్ట్రేటు ముందే తీయాలి. గంజాయికైతే ఒక్కో శాంపిల్ 24 గ్రాములు, అదీ రెండు సెట్లు. ఒకేలాంటి ప్యాకెట్లైతే 40కి మించకుండా ఒక లాటు చేయవచ్చు. ఫొటోలకు, జాబితాకు మేజిస్ట్రేటు ధ్రువీకరణ ఉంటే, మొత్తం సరుకును తగలబెట్టేసినా సాక్ష్యం నిలుస్తుంది. ఇందులో చిన్న లోపం ఉన్నంత మాత్రాన కేసు కూలదని 2025 జనవరిలో భరత్ ఆంబాలే కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే లోపం వల్ల సరుకు మీదే అనుమానం పుడితే ఆ తీర్పూ ఆదుకోదు.

ఇక మన జిల్లాల ప్రత్యేక సమస్య. వెంటాడటం కొరాపుట్ వైపు మొదలై, బండి దొరికేది మనవైపు. ఏ రాష్ట్రపు నేల మీద దొరికిందో పంచనామాలో స్పష్టంగా ఉండాలి. కొటియా లాంటి చోట రెండు రాష్ట్రాలూ మాదంటే మాదంటున్నాయి, అక్కడ ఇది మరీ కీలకం. కిలోమీటరు రాయి, జీపీఎస్ అంకెలు, సోదా వీడియో ఉంటే వాదన ఆగిపోతుంది. కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) 2024 జులై నుంచి వీడియోను తప్పనిసరి చేసింది. మధ్యవర్తులుగా సంతకం పెట్టిన వీఆర్వోలు బదిలీ అవుతారు. ఒడిశా సాక్షికి సమన్లు అక్కడి స్టేషను ద్వారా వెళ్లాలి, వాయిదా దాటాక చేరతాయి. ఇలాంటి సాక్షిని వీడియో ద్వారా విచారించే వీలుంది, ప్రాసిక్యూషను దాన్ని మొదటి వాయిదాలోనే అడగాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా మా బాధ ఒకటి మిగులుతుంది. జైలుకు పోయేది కిరాయికి మోసిన కుర్రాడు. కొన్నవాడు, డబ్బు పెట్టినవాడు సరిహద్దుకు అవతల ఉంటాడు. 29వ సెక్షను కుట్రను, 27ఏ డబ్బు పెట్టడాన్ని నేరాలుగా పెట్టాయి. ఆస్తి స్తంభింపజేయడానికి 68ఎఫ్ ఉంది, ఆ ఉత్తర్వును 30 రోజుల్లో అధీకృత అధికారి ఖాయం చేయకపోతే అది చెల్లదు. రెండు రాష్ట్రాల పోలీసులు ఒకరి ఎఫ్ఐఆర్ ఒకరు చదువుకుని, ఫోను నంబర్లు సరిపోల్చి ఆ మనిషి దాకా వెళ్లినప్పుడే దాన్ని సహకారం అనగలం. అరెస్టయినవాళ్ల వివరాలకు నిదాన్ పోర్టల్ ఉంది. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఎన్‌కార్డ్ (మాదకద్రవ్యాలపై శాఖల సమన్వయ) సమావేశాలున్నాయి. వాటిలో పాత కేసుల వెనక దారిని కూడా చర్చకు పెట్టాలి.

ప్రశ్న: మా వీధిలో రాత్రిపూట బండ్లు మారుతున్నాయి. చెబితే నా పేరు బయటికొస్తుందని భయం.
— ఒక దుకాణదారు, ఇచ్ఛాపురం

జవాబు: రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్‌కు 1972, కేంద్ర హెల్ప్‌లైన్ మానస్‌కు 1933 నంబరుకు ఫోన్ చేయండి. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని కోర్టు కూడా బలవంతపెట్టడానికి వీల్లేదు, 68వ సెక్షను ఆ రక్షణ ఇచ్చింది. బండి నంబరు, రంగు, ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు, ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు పోయాయో చెప్పండి, చాలు. మీరే వెళ్లి ఫొటోలు తీయవద్దు, సంచులు ముట్టుకోవద్దు. ఒడిశా బండైనా ఇక్కడే చెప్పండి.

ప్రశ్న: నా ఆధార్‌తో పంపిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని ముంబయి పోలీసులమంటూ వీడియో కాల్ చేశారు. గదిలోంచి కదలొద్దన్నారు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, అది మోసం. ‘డిజిటల్ అరెస్టు’ అన్నది ఏ చట్టంలోనూ లేదు. వేరే రాష్ట్రపు పోలీసులు ఎలా వస్తారో మొదటి జవాబులో చదివారు: మనిషి వస్తాడు, కాగితం తెస్తాడు, మేజిస్ట్రేటు ముందు పెడతాడు. ‘వెరిఫికేషను’ కోసం డబ్బు పంపమని అడగడు. కాల్ కట్ చేయండి. డబ్బు పంపి ఉంటే ఈ క్షణమే 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటల్లో చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: మా తమ్ముడు వెల్డరుగా గల్ఫ్ వెళ్తున్నాడు. ‘అక్కడ మా బావకి ఇవ్వు’ అంటూ ఏజెంటు ఒక పచ్చళ్ల డబ్బా ఇచ్చాడు. తీసుకెళ్లవచ్చా?
— ఉద్దానం పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. తెరిచి చూసి, పచ్చడే కనిపించినా వద్దు. అక్కడి విమానాశ్రయంలో ఆ డబ్బా ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. గల్ఫ్ ఒక్కటే కాదు, సింగపూరులో 500 గ్రాములు దాటిన గంజాయి రవాణాకు మరణశిక్ష ఉంది. మన చట్టం కూడా విదేశంలో ఉన్న భారత పౌరుడికి వర్తిస్తుంది. మందులూ జాగ్రత్త. ట్రమడాల్ నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు ఇక్కడ చీటీ మీద దొరుకుతాయి, గల్ఫ్ దేశాల్లో అవి నియంత్రిత మందులు. డాక్టరు చీటీ, అవసరమైన చోట ముందస్తు అనుమతి లేకుండా పెట్టెలో పెట్టవద్దు.

ఎవరైనా అక్కడ అరెస్టయితే మన రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడిగే హక్కు ఖైదీకి ఉంది. ఇంటివాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. శిక్ష పడ్డాక మిగిలిన కాలం ఇక్కడి జైల్లో గడిపే వీలు 2003 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద, ఒప్పందం ఉన్న దేశాలతో ఉంది. యూఏఈతో 2011లో కుదిరింది.

డబ్బా ఇచ్చిన ఏజెంటు దేశం దాటిపోతే? రెడ్ నోటీసు సీబీఐ ద్వారా ఇంటర్‌పోల్‌కు వెళుతుంది. అది అరెస్టు వారెంటు కాదు, మనిషి ఆచూకీ పట్టి, అప్పగింత తేలేదాకా తాత్కాలికంగా అరెస్టు చేయమనే అభ్యర్థన. అప్పగింతకు విదేశాంగ శాఖ ద్వారా, సాక్ష్యం తెప్పించుకోవడానికి కేంద్ర హోంశాఖ ద్వారా వేరువేరు కాగితాలు నడవాలి. 1988 నాటి వియన్నా ఒప్పందం ఈ సహకారాన్ని సభ్య దేశాలకు బాధ్యత చేసింది, భారత్ 1990లో చేరింది. అయినా ఏళ్లు పడుతుంది. కాబట్టి మీ తమ్ముడు విమానం ఎక్కకముందే ఆ ఏజెంటు నంబరు, డబ్బా ఫొటో పెట్టుకుని 1972కి ఫోన్ చేయండి.