చిన్నప్పుడు చదివిన పుస్తకం సినిమాగా వస్తే కథ ఎందుకు మారిపోతుంది?

పుస్తకం పాత్ర మనసులోని మాటను నేరుగా చెప్పగలదు, సినిమా మాత్రం కనిపించేదాన్నీ వినిపించేదాన్నీ పట్టుకునే, అదీ రెండు మూడు గంటల్లోనే కథ నడపాలి, అందుకే మారుతుంది.

“వాడికి భయం వేసింది, అయినా అమ్మకు చెప్పదలచుకోలేదు” అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. తెర మీద అదే తెలియాలంటే గుమ్మం దగ్గర ఆగిపోయిన కాళ్లు చూపించాలి. లేదంటే వాడు గోడు వెళ్లబోసుకోవడానికి పుస్తకంలో లేని స్నేహితుణ్ణి పుట్టించాలి. మనకు ఒళ్లు మండేది సాధారణంగా ఆ స్నేహితుడి మీదే!

ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ‘ద వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఆజ్’ చూడండి. అందులో కథానాయిక డొరొతీ అనే చిన్నమ్మాయి. ఆమెవి వెండి బూట్లు. 1939 నాటి సినిమాలో అవి కెంపుల బూట్లయ్యాయి. అప్పటికింకా కొత్తగా ఉన్న రంగుల సినిమా పద్ధతి టెక్నికలర్‌లో, పసుపు ఇటుకల దారి మీద ఎరుపైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది మరి. బూట్ల సంగతి చిన్నదే. పుస్తకంలో డొరొతీ వెళ్లే ఆజ్ నిజంగా ఉన్న దేశం, సినిమాలో మాత్రం అది కల. ఇది కథ మూలాన్నే కదిపిన మార్పు.

రచయిత ఒప్పుకున్నాకే ఇవన్నీ మారుస్తారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బామ్ 1919లోనే చనిపోయారు. రచయిత బతికున్నా, హక్కులు అమ్మేటప్పుడు కథను మార్చుకునే వీలు కూడా సాధారణంగా ఒప్పందంలోనే నిర్మాతకు వెళ్లిపోతుంది. స్క్రిప్టు మీద ఆఖరి మాట తమదేనని రాయించుకోగలిగేది కొద్దిమంది రచయితలే.