స్వర సందేహాలు: డిసెంబరిస్ట్స్ అభిమానుల తగవు

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ఊరి బ్యాండు 'ది డిసెంబరిస్ట్స్' గురించి కాస్త రాశాను. 2000లో మొదలైన బ్యాండు. పాటలు రాసి పాడే కాలిన్ మెలోయ్ కాలేజీలో కథా రచన చదువుకున్నవాడు. నావికులు, దెయ్యాలు, అనాథలు, పగలూ ప్రతీకారాలూ వీళ్ళ పాటల్లో వస్తువులు. ఆ నాలుగు మాటలకే ఉత్తరాలు వెల్లువెత్తాయి. కొందరు ఆనందపడ్డారు, కొందరు మండిపడ్డారు. పాత అభిమానులైతే తమలో తాము పోట్లాడుకుని నన్ను తీర్పు చెప్పమన్నారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాళ్ళకే.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. నేను విజయవాడలో పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తాను, పిల్లలకి నేర్పుతాను. రాక్ సంగీతం నా శిష్యుల వల్ల పరిచయమైంది. కథ నడుస్తున్నప్పుడు వాద్యం ఎక్కడ తగ్గాలి, ఎక్కడ లేవాలి అని చూసుకోవడమే నా వృత్తి. ఈ జవాబులు కూడా ఆ చెవితో విని రాసినవే.

ప్రశ్న: సార్, మా హాస్టల్లో ఈ బ్యాండు వినేవాళ్ళం రెండు గ్రూపులైపోయాం. 2011లో వచ్చిన 'ది కింగ్ ఈజ్ డెడ్'తో వీళ్ళు కథలు వదిలేసి మామూలు పాటలకి దిగిపోయారని నేనంటాను. అదే వాళ్ళ బెస్ట్ ఆల్బమ్ అని మా రూమ్మేట్ అంటాడు. ఎవరిది రైటు?
- ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు మీ ఇద్దరూ దానికి ముందు ఆల్బమ్‌ని ఇంకోసారి వినాలి. 2009లో వచ్చిన 'ది హజార్డ్స్ ఆఫ్ లవ్'. పదిహేడు పాటలు, గంటకి కాస్త తక్కువ, అంతా ఒకటే కథ. మార్గరెట్ అనే అమ్మాయి, జింకపిల్లగా మారే విలియమ్, అతన్ని వదులుకోలేని అడవి రాణి, కన్నబిడ్డల్నే చంపుకున్న ఒక దుర్మార్గుడు. దీన్ని మొదట రంగస్థలం కోసం అనుకున్నారు, ఆ తర్వాత అది ఆల్బమ్‌గా మారింది. మార్గరెట్‌కి బెకీ స్టార్క్, రాణికి షారా వోర్డెన్ పాడారు. రాణి గొంతు ఎత్తగానే వెనక గిటార్లు హెవీ మెటల్ లాగా మీద పడతాయి. ఆ చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే అందులో ఒక పెద్ద చిక్కుంది. విలియమ్‌నీ, ఆ దుర్మార్గుణ్ణీ ఇద్దరినీ మెలోయే పాడాడు. నాటకంలోనైతే వేషం చూసి గుర్తుపడతాం, దీపాలు మారతాయి, తెర మారుతుంది. రికార్డు వినేవాడికి చెవి ఒక్కటే దిక్కు. మధ్యలో కొన్ని పాటలు కథని అక్కణ్ణుంచి ఇక్కడికి మోయడానికే ఉన్నాయి. ఇప్పుడెవరు పాడుతున్నారో తెలియక సాహిత్యం కాగితం వెతుక్కోవాల్సి వస్తుంది. అదే బృందం ఆ ఏడాది కచేరీల్లో ఆల్బమ్ మొత్తాన్నీ మొదటి నుంచి చివరిదాకా వాయించింది. ఇద్దరు గాయనులూ ఎదురుగా నిలబడి పాడుతుంటే ఆ తికమక చాలావరకు తీరిపోతుంది. వీడియోలు చూడండి, మీకే తెలుస్తుంది.

అంత బరువు మోసిన మనుషులు ఆ తర్వాత పోర్ట్‌లాండ్ దగ్గర పెండార్విస్ ఫామ్ అనే చోట, పొలంలోని ఒక కొట్టంలో కూర్చుని పది చిన్న పాటలు రికార్డు చేశారు. గాయని గిలియన్ వెల్చ్ వచ్చి గొంతు కలిపింది. ఆర్.ఇ.ఎం. అనే రాక్ బ్యాండు గిటారిస్టు పీటర్ బక్ కొన్ని పాటలకి వాయించాడు. ఆ ఆల్బమే 'ది కింగ్ ఈజ్ డెడ్'. అది అమెరికాలో ఆల్బముల ఆదరణని లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో నేరుగా మొదటి స్థానానికి వెళ్ళింది. మీ అనుమానం అక్కడే మొదలైందని నాకు తెలుసు. జనం మెచ్చారు కాబట్టి వీళ్ళు జనం కోసం మారారని మీ లెక్క. ఆ లెక్క తప్పు. 2005 చివర్లోనే వీళ్ళు కిల్ రాక్ స్టార్స్ అనే చిన్న రికార్డు కంపెనీ వదిలి క్యాపిటల్ రికార్డ్స్‌కి వెళ్ళారు. పెద్ద కంపెనీకి వెళ్ళి చేసిన మొదటి పని ఏమిటి? జపాన్ జానపద కథ ఆధారంగా 'ది క్రేన్ వైఫ్'. అందులో ఒక పాట పన్నెండు నిమిషాలు దాటుతుంది. రెండో పని, ఇందాక చెప్పిన 'హజార్డ్స్'. డబ్బు మీద చూపున్నవాడు ఈ రెండూ చెయ్యడు.

వదిలేశారన్న మాట కూడా నిలవదు. 2015 ఆల్బమ్‌లో మొదటి పాట అభిమానులని ఉద్దేశించి పాడిందే. మీరు మమ్మల్ని మీ బతుకుల్లో కలుపుకున్నారని తెలుసు, అయినా మేం కొంత మారక తప్పలేదు అని దాని సారాంశం. మీ ఉత్తరానికి వాళ్ళే అప్పుడే జవాబు రాసిపెట్టారు. 2018 ఆల్బమ్‌లో సింథసైజర్లు, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డులు, పట్టుకున్నారు. అది నాకు అంతగా ఎక్కలేదు. 2024లో వచ్చిన డబుల్ ఆల్బమ్ చివర జోన్ ఆఫ్ ఆర్క్ మీద పంతొమ్మిది నిమిషాల పాట పెట్టారు. వదిలేసినవాళ్ళు పెట్టే పాట కాదది.

ఇక మీ రూమ్మేట్ సంగతి. 'ది కింగ్ ఈజ్ డెడ్' పాటలు హాయిగా ఉంటాయి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని వినడానికి బాగుంటాయి. కానీ ఆ పాటలు ఇంకో మంచి బ్యాండు కూడా చెయ్యగలదు. వీళ్ళు మాత్రమే చెయ్యగలిగినవి వేరే ఉన్నాయి. బెస్ట్ అనే మాట వాటికి దాచుకోమని చెప్పండి.

ప్రశ్న: మీరు చెప్పారని ఓపిగ్గా విన్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుంటే తప్ప అర్థం కాని మాటలు, పైగా ముక్కుతో పాడటం. మేం చదువుకున్నాం అని చూపించుకోవడం తప్ప ఇందులో ఏముంది?
- ఇంగ్లిష్ అధ్యాపకురాలు, సూర్యారావుపేట, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ గొంతులో ముక్కు ఉన్నమాట నిజమే. అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు, పైగా నచ్చింది. కథ చెప్పేవాడికి తీపి గొంతు కన్నా అక్షరం తెగి వినిపించే గొంతు ముఖ్యం. మెలోయ్ పాడితే ప్రతి హల్లూ చెవిలో పడుతుంది. వెనక డ్రమ్స్, గిటార్, అకార్డియన్ ఇన్ని ఉన్నా మాట మునిగిపోదు. మా నాటకాల్లో రాగం అద్భుతంగా తీసి, పద్యంలో ఒక్క ముక్క అర్థం కానివ్వని నటుల పక్కన కూర్చుని వాయించాను. ఆ బాధ తెలిసినవాణ్ణి కాబట్టి అంటున్నాను.

మాటల విషయంలో మీతో సగం దూరం వస్తాను. 2002, 2003లో వచ్చిన మొదటి రెండు ఆల్బముల్లో, అరుదైన మాట దొరికిందన్న మురిపెంతో రాసిన చోట్లు ఉన్నాయి. పాత్రకి ఆ మాట అక్కర్లేదు, రాసినవాడికే కావాలి. మీ విమర్శ అక్కడ తగులుతుంది. కానీ 2005 నాటి 'పికరెస్క్' ఆల్బమ్‌లో 'ది మెరినర్స్ రివెంజ్ సాంగ్' విని ఆ మాట అనగలరా? దాదాపు తొమ్మిది నిమిషాల పాట. తిమింగలం కడుపులో ఇద్దరు ప్రాణాలతో మిగిలారు. ఒకడు రెండోవాడికి చెబుతున్నాడు: నువ్వు నన్ను మర్చిపోయి ఉంటావు, నేను నిన్ను మర్చిపోలేదు. నా చిన్నప్పుడు విధవరాలైన మా అమ్మని నమ్మించి, జూదపు అప్పులు నెత్తిన పెట్టి పారిపోయావు. ఆవిడ చనిపోతూ నీ మీద పగ తీర్చుకోమంది. నిన్ను వెతుక్కుంటూ సముద్రం మీదకొచ్చాను, నీ ఓడని పట్టుకున్న క్షణంలోనే ఈ తిమింగలం మింగేసింది. ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం.

ఈ కథకి నిఘంటువు ఎందుకమ్మా? మాట పాతదిగా ఉంటే, మాట్లాడేవాడు పాతకాలపు నావికుడు కాబట్టి. వాడు ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ కుర్రాడిలా మాట్లాడితే పాట చచ్చిపోతుంది. ఇంకోటి కూడా గమనించండి. ఆ పాటని నడిపేది బ్యాండులోని జెనీ కాన్లీ వాయించే అకార్డియన్. అకార్డియన్, మా హార్మోనియం ఒకే జాతివి. తిత్తిలో గాలి, లోపల లోహపు రీడ్లు. గాలి ఎంత నొక్కితే స్వరం అంత బలం. తల్లి మరణం దగ్గర ఆవిడ తిత్తిని ఎలా అణిచిందో, ఓడ దొరికినప్పుడు ఎలా తెరిచిందో వినండి. మాటలు ఒక్కటీ తెలియకపోయినా కథ తెలుస్తుంది. మీరు ఇంకోసారి వినాలని నిజంగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: 'డిసెంబరిస్ట్స్' అన్న ఆ పేరుకి అర్థం ఏమిటి?
- డిగ్రీ విద్యార్థిని, మంగళగిరి

జవాబు: 1825 డిసెంబరులో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొందరు సైనికాధికారులు కొత్త చక్రవర్తి (జారు) మొదటి నికొలస్ మీద తిరగబడ్డారు. వాళ్ళని డిసెంబరిస్టులు అన్నారు. తిరుగుబాటు ఒక్కరోజులో అణిగిపోయింది, ఐదుగుర్ని ఉరితీశారు, చాలామందిని సైబీరియాకి పంపారు. బ్యాండు పేరు అక్కణ్ణుంచి వచ్చింది.

ప్రశ్న: కథ పాడటం మనకి కొత్తా? బుర్రకథ పుట్టిన నేల మీద కూర్చుని అమెరికా బ్యాండు గురించి నెలనెలా రాయడం ఎందుకు? ఆ చోటు మనవాళ్ళకి ఇవ్వొచ్చు కదా.
- విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ బాధ నాకూ ఉంది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారి పల్నాటి యుద్ధం పేరెత్తితే మా ఇంట్లో ఇప్పటికీ పెద్దవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అయితే ఈ బ్యాండుని వినడం వల్లే బుర్రకథ బలం నాకు ఇంకా బాగా అర్థమైంది. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

2004లో వీళ్ళు 'ది టెయిన్' అని ఒకే ఒక్క పాట ఉన్న రికార్డు తెచ్చారు. పద్దెనిమిది నిమిషాలకి పైనే. దానికి ఆధారం ఐర్లండ్ పురాణగాథ. ఒక రాణి పక్క రాజ్యంలోని ఎద్దు కోసం సైన్యాన్ని తోలుకొస్తుంది. అక్కడి వీరులంతా ఒక శాపం వల్ల మంచం పట్టి ఉంటే, ఒక్క కుర్రవీరుడు ఆ సైన్యాన్ని నిలువరిస్తాడు. వినగానే మీకు ఉత్తర గోగ్రహణం గుర్తు రావడం లేదూ? పశువుల కోసం దండయాత్ర, అవతల కౌరవసేన అంతా, ఇవతల అర్జునుడు ఒక్కడు. నాకైతే ఆ పోలిక తట్టిన రోజు నిద్ర పట్టలేదు.

అంత గొప్ప కథ ఉండి కూడా ఆ రికార్డు అభిమానులని చీల్చింది. కొందరికి ప్రాణం, కొందరికి అయోమయం. ఎందుకని ఆలోచిస్తే బుర్రకథలో జవాబు దొరికింది. కథకుడు ఒక్కడే ఉంటే బుర్రకథ కాదు. అటొక వంత, ఇటొక వంత ఉండాలి. డక్కీ వాయిస్తూ 'తందాన తాన' అనడం ఒక్కటే వాళ్ళ పని కాదు. 'అయితే ఏమైందంటావు?' అని అడుగుతారు. హాస్యం ఆడతారు. ఊళ్ళో సంగతులు కలుపుతారు. విన్నవాడు దారి తప్పబోయే చోట చెయ్యిపట్టి కథలోకి తెస్తారు. 'ది టెయిన్'లో గానీ, 'హజార్డ్స్'లో గానీ ఆ వంతలు లేరు. కథకుడు వేగంగా వెళ్ళిపోతాడు. కథ ముందే తెలిసినవాడు వెంట పరిగెడతాడు, తెలియనివాడు వెనక ఉండిపోయి కోపం తెచ్చుకుంటాడు. ఈ బ్యాండు మీద తగవుల్లో చాలావాటికి మూలం ఇదే అని నా గట్టి నమ్మకం. సాహిత్యం ఎక్కువైందా తక్కువైందా అన్నది కాదు, విన్నవాడికి అందులో చోటు ఉందా లేదా అన్నది.

తిమింగలం పాట అందుకే అందర్నీ కలుపుతుంది. కచేరీల్లో ఆ పాట వచ్చినప్పుడు, గిటార్ వాయించే క్రిస్ ఫంక్ సైగ చెయ్యగానే, జనం అంతా తిమింగలం తమని మింగుతున్నట్టు కేకలు పెట్టాలి. అది బ్యాండు నేర్పిన ఆచారం. అప్పుడు హాల్లో కూర్చున్న ప్రతివాడూ వంతే. కఠినమైన మాటలు, ముక్కు గొంతు, తొమ్మిది నిమిషాలు, ఏదీ ఎవరికీ అడ్డురాదు.

మీరన్న రెండో మాటకి నా జవాబు: వచ్చే నెల శీర్షిక బుర్రకథకే ఇస్తాను. మీ దగ్గర పాత కథల పుస్తకాలుగానీ, రికార్డులుగానీ ఉంటే దయచేసి రాయండి.

ప్రశ్న: కొత్తగా వినేవాళ్ళం ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో పిల్లలున్నారు, వాళ్ళతో కలిసి వినొచ్చా?
- గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చిన్నపిల్లలతో వద్దమ్మా. చాలా పాటల్లో హత్యలు, అంతకన్నా ఘోరాలు ఉన్నాయి. 'హజార్డ్స్'లో ఆ దుర్మార్గుడు తన పిల్లల్ని చంపిన తీరు వర్ణిస్తాడు. రాగం హుషారుగా ఉండటంతో పిల్లలు పట్టుకుని పాడేస్తారు, తర్వాత మీరు బాధపడతారు. పిల్లలకి కావాలంటే మెలోయ్ రాసిన 'వైల్డ్‌వుడ్' నవల ఉంది, 2011లో వచ్చింది. బొమ్మలు ఆయన భార్య కార్సన్ ఎల్లిస్ వేసింది. బ్యాండు ఆల్బములకి బొమ్మలు వేసే ఆవిడ కూడా ఆమే.

మీ మట్టుకు మీరు తిమింగలం పాటతో మొదలుపెట్టండి. తర్వాత 'ది క్రేన్ వైఫ్'. గాయపడ్డ కొంగని ఒక పేదవాడు కాపాడతాడు. తర్వాత ఒక అమ్మాయి వచ్చి అతన్ని పెళ్ళాడుతుంది. నేసేటప్పుడు చూడొద్దన్న షరతు మీద బట్ట నేసి ఇస్తుంది. డబ్బాశతో ఇంకా ఇంకా నేయిస్తాడు, ఒకరోజు తొంగి చూస్తాడు. తన ఈకలే పీకి నేస్తున్న కొంగ కనిపిస్తుంది, ఎగిరిపోతుంది. ఆల్బమ్ ఈ కథ చివరి భాగంతో మొదలవుతుంది, మొదటి రెండు భాగాలు దాదాపు చివర్లో వస్తాయి. అంటే పోగొట్టుకున్నవాడి దుఃఖం ముందు వింటాం, ఎలా పోగొట్టుకున్నాడో తర్వాత తెలుస్తుంది. నాకు వీళ్ళ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఆఖరి పాటలో ఒకరి తర్వాత ఒకరు అదే వరస అందుకుంటారు, మీరు కూడా వంటింట్లో నిలబడి కలిపేస్తారు.

ఆ తర్వాత 'ది కింగ్ ఈజ్ డెడ్' ఎప్పుడైనా వినొచ్చు, ఏ పాట ముందైనా ఫరవాలేదు. 'హజార్డ్స్' మాత్రం గంట ఖాళీ దొరికిన రోజున, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, ఫోన్‌లో షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి వినండి.