తోట అమ్మి అమెరికా పంపాలా?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా బాబు బీటెక్ కంప్యూటర్స్ ఆఖరి ఏడాది. అమెరికాలో ఎంఎస్ చేస్తానంటున్నాడు. చదువు ఇక్కడ లేదా? పిల్లలంతా అటే ఎందుకు పోతున్నారు? తోట అమ్మైనా పంపమంటారా?

జవాబు: చదువు ఇక్కడా ఉంది. మన పిల్లల్లో చాలామందిని లాగేది ఆ చదువు తర్వాత దొరికే ఉద్యోగ గడువు. అమెరికాలో ఎంఎస్ అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసేందుకు విద్యార్థులకిచ్చే అనుమతి) కింద 12 నెలలు పనిచేసుకోవచ్చు. కంప్యూటర్స్ లాంటి కోర్సులకు మరో 24 నెలలు పొడిగిస్తారు. ఆ మూడేళ్లలో అప్పు తీర్చేసి, ఈలోపు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా వస్తే అక్కడే ఉండిపోవచ్చని వాళ్ల లెక్క. కాకపోతే కంపెనీల కోటా కింద ఏడాదికి కొత్తగా ఇచ్చే ఆ వీసాలు 85 వేలే, అదీ ప్రపంచం మొత్తానికి.

రీసెర్చ్ మీద నిజమైన ఇష్టంతో వెళ్లేవాళ్లూ ఉన్నారు, తక్కువ. ఇక పెళ్లి సంబంధాల్లో 'అబ్బాయి అమెరికాలో' అన్న మాటకున్న గిరాకీ మీకు నేను చెప్పాలా!

తోట మాత్రం అమ్మొద్దు. వ్యవసాయ భూమిని ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు మామూలుగా తనఖా పెట్టుకోవు, ఇల్లో ప్లాటో అడుగుతాయి. అందుకే చాలామంది అమ్మకానికి దిగుతారు. అప్పు తెచ్చినా లెక్క చూసుకోండి. 40 లక్షలు తెచ్చారనుకుందాం. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 40 వేలు. మీ వాడు చదివే రెండేళ్లలోనే వడ్డీ 9 లక్షల 60 వేలు అవుతుంది. వాయిదాలు తర్వాత కట్టొచ్చని బ్యాంకువాళ్లు చెప్తారు గానీ, వడ్డీ మీటర్ మొదటి రోజు నుంచే తిరుగుతుంది.

మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే ముందు ఈ-పాస్‌లో (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్) ఓవర్సీస్ విద్యానిధి చూడండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల దాకా ఇచ్చే పథకం అది. డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. జర్మనీ కూడా ఆలోచించొచ్చు. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. ఖర్చులకు మాత్రం ఏడాదికి దాదాపు 12 వేల యూరోలు ముందే ఖాతాలో వేసి చూపించాలి, ఉద్యోగం కావాలంటే జర్మన్ భాష నేర్వాలి.

వీసా కోసం చూపాల్సిన డబ్బు గురించి 'బ్యాలెన్స్ మేం చూపిస్తాం, మీకు టెన్షన్ వద్దు' అనే కన్సల్టెన్సీ గడప తొక్కకండి. దొంగ కాగితం బయటపడితే వీసా పోవడమే కాదు, మళ్లీ ఆ దేశం వెళ్లే దారీ మూసుకుపోవచ్చు.

అక్కడున్న సీనియర్లతో మీ బాబును మాట్లాడమనండి. జీతమెంత అని కాదు, చదువయ్యాక ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పట్టిందో అడగాలి. ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండనివ్వరు.